పసుపు మీటరు డీటీ-830డీ: బ్యాటరీకి భేష్, స్టార్టరు డబ్బాకి వద్దు

విజయనగరంలో గంటస్తంభం దగ్గరైనా, శ్రీకాకుళంలో జీటీ రోడ్డు మీదైనా, ఎలక్ట్రికల్ షాపులో "మీటరు ఒకటివ్వండి" అంటే ముందుగా బల్ల మీదకొచ్చేది పసుపు డబ్బా. అరచేతిలో ఇమిడిపోతుంది. మధ్యలో గుండ్రటి నాబ్, కింద మూడు కన్నాలు, ఎరుపూ నలుపూ రెండు లీడ్లు. పైన డీటీ-830డీ అని రాసి ఉంటుంది. అది ఒక కంపెనీ పేరు కాదు, ఒక నమూనా పేరు. ఎవరెవరో తయారుచేస్తారు, ఎవరి స్టిక్కరు వాళ్లు అంటిస్తారు. ధర రెండు మూడు వందల రూపాయలు. కుర్ర ఎలక్ట్రీషియన్ సంచీలో, రైతు మోటారు షెడ్డులో, ఐటీఐ పిల్లల బ్యాగులో ఉండేది ఇదే.

మార్కులు ముందే చెప్పేస్తే: 12 వోల్టుల బ్యాటరీ పనికి 5కి 4. ఇంట్లో ఎమ్‌సీబీ (కరెంటు మరీ ఎక్కువైతే తనంత తానే పడిపోయే స్విచ్) తర్వాత ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూడ్డానికి 5కి రెండున్నర, అదీ కింద చెప్పిన జాగ్రత్తలతో. త్రీఫేజ్ స్టార్టరు డబ్బా, మెయిన్ బోర్డు, స్తంభం నుంచి వచ్చే సర్వీసు వైరు దగ్గర సున్నా. సున్నా ఎందుకో అర్థం కావాలంటే మీటరు లోపల ఏముందో చూడాలి.

వోల్ట్‌మీటరు దారికి పక్కన నిలబడి చూస్తుంది, దారికి అడ్డంగా నిలబడదు. లోడు, అంటే ఫ్యానో బల్బో, నడుస్తూనే ఉంటుంది, దాని రెండు కొసల మీదా మనం ప్రోబ్‌లు, అంటే లీడ్ల చివరి మొనలు, ఆనిస్తాం. డీసీ వోల్టుల మీద ఈ పసుపు మీటరు నిరోధం సుమారు 10 లక్షల ఓములు. 230 వోల్టులకు లెక్క వేసినా దాని గుండా పోయేది 0.23 మిల్లీ ఆంపియరే, ఏమీ కాదు. పొరపాటున ఫ్యాను వైరు తెంపి మధ్యలో వోల్ట్‌మీటరు పెట్టినా ప్రమాదం లేదు. ఫ్యాను తిరగదు, మీటరు మాత్రం దాదాపు పూర్తి వోల్టేజీ చూపిస్తూ కూర్చుంటుంది. కొంప ముంచేది దీనికి తిరగబడ్డ తప్పు, అంటే కరెంటు కొలిచే అమరికలో ఉంచి ప్రోబ్‌లు ఫేజు, న్యూట్రల్ మీద ఆనించడం.

వెనక స్క్రూలు విప్పి చూస్తే ఇది కంటికే కనిపిస్తుంది. 10 ఆంపియర్ల కన్నం నుంచి కామ్ కన్నం (నల్ల లీడు పెట్టేది) వైపు వంపు తిరిగిన ఒక మందపాటి తీగ ముక్క టంకం వేసి ఉంటుంది. అంతే. మధ్యలో ఫ్యూజు లేదు. ముందు వైపు కన్నం పక్కనే 'అన్‌ఫ్యూజ్డ్' అని సన్నటి అక్షరాల్లో వాళ్లే రాసి ఉంటారు, చదివేవాళ్లు తక్కువ. ఆ తీగ నిరోధం ఓములో వందో వంతు లెక్కన ఉంటుంది, లీడ్లతో కలిపినా పావు ఓము చుట్టుపక్కలే. ఎర్ర లీడు ఆ కన్నంలో ఉండగా 230 వోల్టులకు ఆనిస్తే అది మీటరు కాదు, షార్టు. నాబ్ ఎక్కడున్నా సరే. లెక్కకి తొమ్మిది వందల ఆంపియర్లు. ఇంటి వైర్ల నిరోధం కలిసి కొంత తగ్గుతుంది, మంచి ఎమ్‌సీబీ ఉంటే తక్షణం పడిపోతుంది, ప్రోబ్ మొన కరిగి నల్లబడి ఊరుకుంటుంది. ట్రాన్స్‌ఫార్మరు పక్కనే ఉన్న మోటారు షెడ్డులో, పింగాణీ ఫ్యూజులో రాగి పోగులు నాలుగు చుట్టి పెట్టిన చోట, ఆ కరెంటు తెగడానికి పట్టే వ్యవధిలో చెయ్యి కాలుతుంది.

ఇంకో లోపం అందరికీ తట్టనిది. ఈ మీటరులో వోల్టులు, ఓములు, మిల్లీ ఆంపియర్లు మూడింటికీ ఒకటే కన్నం. ఎర్ర లీడు సరైన చోటే ఉన్నా నాబ్ 200 మిల్లీ ఆంపియర్ల దగ్గరుంటే చాలు. ఇక్కడ 200 మిల్లీ ఆంపియర్ల గాజు గొట్టం ఫ్యూజు ఒకటి ఉండాలి. ఉందో లేదో కొనేటప్పుడే మూత తీసి చూడండి, మూత పెట్టే ముందు ఫ్యూజు పెట్టడం మర్చిపోయిన పీసులూ వస్తుంటాయి. ఉన్నా దాని బలం పరిమితం. 20 మిల్లీమీటర్ల సాధారణ గాజు ఫ్యూజు నమ్మకంగా తెంపగలిగేది 35 ఆంపియర్ల లోపు షార్టునే. అంతకు మించితే లోపల తీగ ఆవిరైనా ఆర్కు, అంటే గాల్లోంచి దూకే మెరుపు, ఆగదు, గాజు పేలుతుంది. మంచి మీటర్లలో పింగాణీ గొట్టంలో ఇసుక నింపిన ఫ్యూజు ఉంటుంది. ఆ ఫ్యూజు ఒక్కదాని ధరే ఈ పసుపు మీటరు మొత్తం ధరను దాటుతుంది. రెండొందల యాభైకి ఏది రాదో ఇక్కడే తెలిసిపోతుంది.

ఇక నాబ్ సంగతి. ఈ నమూనాలో ఆఫ్ నుంచి ఒక పక్కకి ఒక్క టక్కు తిప్పితే ఏసీ 750, రెండో పక్కకి ఒక్క టక్కు తిప్పితే డీసీ 1000. రెంటిలోనూ డిస్‌ప్లే మీద 000 కనిపిస్తుంది, చాలా పీసుల్లో హెచ్‌వీ (ఎక్కువ వోల్టేజీ) గుర్తు కూడా రెంటిలోనూ వస్తుంది. వెలుతురు తక్కువ ఉన్న చోట తేడా తెలీదు. డీసీ 1000 మీద ఉంచి ఇంటి కరెంటు చూస్తే మీటరు సున్నా చూపిస్తుంది, ఎందుకంటే సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగే ఏసీకి సగటు సున్నా. "కరెంటు లేదు" అని ధీమాగా వైరు పట్టుకుంటారు. ఈ మీటరు వల్ల జరిగే ప్రమాదాల్లో నిప్పురవ్వలూ పొగా లేనిది ఇదే. అందుకే దీనికే ఎక్కువ భయపడాలి.

దీనికి తిరగబడ్డ తప్పు ఇంకోటుంది, ప్రమాదం లేదు గాని బుర్ర తినేస్తుంది. ఏసీ రేంజిలో ఉంచి 12 వోల్టుల బ్యాటరీ చూస్తే, లీడ్లు ఒక తీరుగా పెడితే 26, 27 చూపిస్తుంది, తిప్పి పెడితే సున్నా. లోపల ఉన్నది ఒక్క డయోడుతో సగం అలను మాత్రమే తీసుకునే సర్క్యూటు. ఆ సగటుని ఏసీ విలువగా మార్చడానికి 2.22తో హెచ్చవేసినట్టు అమర్చారు. డీసీకి కూడా అదే హెచ్చవేత పడుతుంది. బ్యాటరీ ఛార్జరు పాడైందని షాపుకి పట్టుకెళ్లే ముందు నాబ్ చూసుకోండి.

ఇంట్లో ప్లగ్గు దగ్గర వాడదలిస్తే పని ఈ క్రమంలో చెయ్యాలి. ముందు లీడ్లు: నల్లది కామ్‌లో, ఎర్రది మధ్య కన్నంలో, అంటే వోల్టులు, ఓములు, మిల్లీ ఆంపియర్లు రాసి ఉన్న దాంట్లో. నాబ్ 200 ఓముల మీద పెట్టి రెండు మొనలూ ఒకదానికొకటి ఆనించండి. అర ఓము, ఒక ఓము లోపల నిలకడగా రావాలి. అప్పుడు ప్రోబ్ మెడ దగ్గర, మీటరులో గుచ్చే లీడు ప్లగ్గు మెడ దగ్గర వైరుని అటూ ఇటూ వంచి చూడండి. అంకె గెంతి ఎడమ చివర 1 మాత్రం మిగిలితే లోపల రాగి తెగినట్టే. ఈ మీటర్లతో వచ్చే లీడ్లు ముందు తెగేది అక్కడే. తెగిన లీడుతో బతికున్న ఫేజు కూడా సున్నా చూపిస్తుంది. ఆ తర్వాత నాబ్ ఏసీ 750 మీదకి. ఏసీ 200 మీద కాదు, మన కరెంటు 230, ఆ రేంజిలో 1 చూపించి ఊరుకుంటుంది. ప్రోబ్‌లు ఆనించి ఉండగా మాత్రం నాబ్ తిప్పకండి. 750 నుంచి దాటిపోతే దారిలో మిల్లీ ఆంపియర్లు, ఓములు తగులుతాయి.

ముందు నల్ల ప్రోబ్ న్యూట్రల్‌లో, తర్వాత ఎర్రది ఫేజులో. తీసేటప్పుడు ఎర్రది ముందు. నల్లది ముందు తీస్తే, మీటరు గుండా వచ్చిన ఫేజు నల్ల మొన మీద నిలబడి ఉంటుంది. ప్లగ్గుకి ఎదురుగా నిలబడి చూస్తే పైన పెద్ద కన్నం ఎర్తు, కుడి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్ ఉండాలి. ఉండాలి అన్నాం గాని తిరగేసి కట్టిన బోర్డులు కోకొల్లలు. షట్టరు ఉన్న కొత్త సాకెట్లలో ఒక్క ప్రోబ్‌కి కన్నం తెరుచుకోదు. పైన ఎర్తు కన్నంలో స్క్రూడ్రైవరు దూర్చి తెరిచే అలవాటు మానండి. షట్టరు లేని ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి దాని దగ్గర కొలవడం మేలు.

కొలతలు మూడు తీసుకోవాలి, ఒకటి కాదు. ఫేజు-న్యూట్రల్ 230 దరిదాపుల్లో, ఫేజు-ఎర్తు దాదాపు అంతే, న్యూట్రల్-ఎర్తు ఒకటి రెండు వోల్టులు. న్యూట్రల్-ఎర్తు మధ్య పది దాటితే న్యూట్రల్ జాయింటు వదులైనట్టు, లేదా ఎర్తు గొయ్యి ఎండిపోయినట్టు. ఎండాకాలంలో గొయ్యిలో నాలుగు బిందెల నీళ్లు పోసి మళ్లీ చూడండి. ఫేజు-ఎర్తు 230 ఉండి ఫేజు-న్యూట్రల్ సున్నా వస్తే న్యూట్రల్ తెగింది. నియాన్ టెస్టరు ఇక్కడే మోసం చేస్తుంది. న్యూట్రల్ తెగిన బోర్డులో ఏదో ఒక లైటు స్విచ్ వేసి ఉంటే రెండు కన్నాల్లోనూ టెస్టరు వెలుగుతుంది. త్రీఫేజ్ లైనులో స్తంభం దగ్గరే న్యూట్రల్ ఊడితే ఒకింట్లో 300, పక్కింట్లో 150 వస్తాయి. 260 దాటి కనిపించిందంటే కొలతలు తర్వాత, ముందు మెయిన్ దించేయండి, ఫ్రిజ్ మిగులుతుంది.

టెస్ట్ ల్యాంపు వాడేవాళ్లకో మాట. వంద వాట్ల బల్బు ఫేజుకీ ఎర్తుకీ మధ్య పెడితే 0.4 ఆంపియరు పైగా లాగుతుంది, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (ఎర్తుకి కరెంటు కారితే పడిపోయే స్విచ్) ఠక్కున పడిపోతుంది. మీటరు తీసుకునేది మిల్లీ ఆంపియరులో చిన్న భాగం, అది పడదు.

ఈ మీటరు 230 అని చూపిస్తే అది 230 అని నమ్మాల్సిన పని లేదు. తయారీదారులు మామూలుగా ఇచ్చే లెక్క ప్రకారమే ఏసీ 750 రేంజిలో తప్పు 1.2 శాతం, దానికి అదనంగా చివరి స్థానంలో 10 అంకెలు, ఈ రేంజిలో అది 10 వోల్టులు. అంటే 230 దగ్గర సుమారు 13 వోల్టులు అటో ఇటో. కరెంటు ఉందా లేదా, మరీ తక్కువా మరీ ఎక్కువా అన్నంత వరకే పనికొస్తుంది. సాయంత్రం పూట లో-వోల్టేజీ మీద కరెంటు ఆఫీసుకి కాగితం రాయడానికి ఈ అంకె ఆధారం చేసుకోవద్దు. తొమ్మిది వోల్టుల బ్యాటరీ దిగిపోతే ఇంకా దారి తప్పుతుంది. లోపలి కొలమానమే కుంగిపోయి అంకెలు పైకి ఎగబాకుతాయి. బ్యాటరీ బొమ్మ కనిపించిన రోజే మార్చేయాలి.

బ్యాటరీ పనికి నాలుగు మార్కులు ఎందుకంటే డీసీ 20 రేంజిలో వోల్టులో వందో వంతు వరకు చూపిస్తుంది, నిలకడగానూ ఉంటుంది. ఇన్వర్టరు బ్యాటరీ ఛార్జింగ్ ఆపి కొన్ని గంటలు ఊరుకోబెట్టాక 12.6, 12.7 ఉంటే నిండుగా ఉన్నట్టు. 12 దగ్గరుంటే చాలావరకు ఖాళీ. ఛార్జింగ్‌లో 13.8 నుంచి 14.4. ఈ పనికి ఈ ధరలో ఇంతకన్నా ఏం కావాలి? ఎర్ర లీడు 10 ఆంపియర్ల కన్నంలో మర్చిపోతే మాత్రం 12 వోల్టులే కదా అనుకోకండి. బ్యాటరీ వందల ఆంపియర్లు ఇవ్వగలదు, లీడు తొడుగు చేతిలోనే కరిగిపోతుంది.

ఇప్పుడు సున్నా మార్కుల చోటికి. స్టార్టరు డబ్బాలో ఆర్, వై, బి అనే మూడు ఫేజుల టెర్మినళ్ల మధ్య ఎడం వేలెడంత కూడా ఉండదు. ఈ ప్రోబ్ మొన దాదాపు రెండు సెంటీమీటర్ల తొడుగు లేని ఇనుము. కొంచెం జారితే రెండు ఫేజుల మీద అడ్డంగా పడుతుంది, 415 వోల్టుల షార్టు. మంచి ప్రోబ్‌లకి మొన మీద టోపీ ఉంటుంది, అది పెడితే 4 మిల్లీమీటర్లే బయట కనిపిస్తుంది. పసుపు మీటరు ప్రోబ్‌కి హీట్ ష్రింక్ స్లీవు వేసి 4 మిల్లీమీటర్లు వదిలితే జారే ప్రమాదం తగ్గుతుంది, కాని లోపలి ఫ్యూజు మారదు కదా. లీడు ప్లగ్గుల్ని కూడా చూడండి. చాలా పీసుల్లో ప్లగ్గు చుట్టూ తొడుగు ఉండదు. ప్రోబ్ ఫేజు మీద ఉండగా లీడు మీటరు నుంచి ఊడితే ఆ ఇత్తడి ముక్క నేరుగా ఫేజే.

డబ్బా మీద 1000 వోల్టులు అని ఉంది కదా అంటారు షాపులో. ఆ అంకె నిలకడగా ఉండే వోల్టేజీది. లైనులో పిడుగు దూరంగా పడ్డా, పక్క పొలంలో మోటారు ఆగినా వచ్చే ఎగదోపు వేరు, అది వేల వోల్టుల్లో ఉంటుంది. దాన్ని తట్టుకునే శక్తికే క్యాట్ గుర్తు. అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61010 ప్రకారం క్యాట్ 2, 600 వోల్టుల మీటరు 4000 వోల్టుల ఎగదోపుకి, క్యాట్ 3, 600 వోల్టులది 6000 వోల్టులకి నిలబడాలి. ప్లగ్గుకి పెట్టే సామానుకి క్యాట్ 2. ఇంటి బోర్డు, స్టార్టరు, త్రీఫేజ్ మోటార్లకి క్యాట్ 3. స్తంభం నుంచి మీటరు దాకా క్యాట్ 4. పసుపు మీటర్ల మీద ఈ గుర్తు అసలు లేకపోవచ్చు, ఉన్నా పరీక్షించి వేసిందని నమ్మడానికి ఆధారం ఉండదు. సోలార్ పంపుసెట్ల ప్యానెళ్ల వరస కూడా ఇదే కోవ. వందల వోల్టుల డీసీలో ఆర్కు మొదలైతే తనంత తాను ఆరదు.

క్యాట్ 3 మీటరు ఉన్నవాళ్లకి స్టార్టరు దగ్గర రెండు సంగతులు. ఒక ఫేజు పోయిందేమో చూడాలంటే మోటారు ఆపి, కాంటాక్టరుకి (స్టార్టరులో మోటారుకి కరెంటు కలిపే స్విచ్) పై వైపు, అంటే లైను వైపు కొలవాలి. తిరుగుతున్న మోటారు పోయిన ఫేజు మీద తానే వోల్టేజీ పుట్టిస్తుంది, కింది వైపు చూస్తే మూడూ ఉన్నట్టే కనిపిస్తాయి, ఈలోగా వైండింగు కాలిపోతుంది. రెండోది, న్యూట్రల్‌కి ఒక ఫేజు 240, మిగతా రెండూ 120 చొప్పున వస్తూ, ఆ రెంటి మధ్య దాదాపు సున్నా ఉంటే తప్పు మీ షెడ్డులో లేదు. ట్రాన్స్‌ఫార్మరు పైన 11 కేవీ వైపు ఒక ఫ్యూజు పోయింది. అది లైన్‌మ్యాన్ పని, కర్ర పట్టుకుని వెళ్లకండి.

తుఫాను తర్వాత ఈ జాగ్రత్తలు రెట్టింపు. 2018 అక్టోబరులో తిత్లీ ఉద్దానం మీద పడ్డాక చాలా ఊళ్లకి రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఛేంజోవరు స్విచ్ (లైనునీ జనరేటరునీ ఒకేసారి కలవనివ్వనిది) లేకుండా ఎవరో జనరేటరు కలిపితే "చచ్చిన" లైను వెనక నుంచి బతుకుతుంది. కనుక వైరు పట్టుకునే ముందు మీటరుని బతికున్న చోట చూడాలి, తర్వాత పని చేయాల్సిన వైరు మీద, మళ్లీ బతికున్న చోట. మూడోసారి ఎందుకంటే రెండో కొలత దగ్గరే లీడు తెగి ఉండొచ్చు. ఊరంతా కరెంటు లేకపోతే ఇన్వర్టరు ప్లగ్గుని బతికున్న చోటుగా వాడుకోవచ్చు. కళింగపట్నం, బారువ లాంటి సముద్రపొడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి నాబ్ కింది రేకులు చిలుము పడతాయి, అంకెలు గెంతుతాయి. లీడ్లు తీసేసి నాబ్‌ని పది పదిహేను సార్లు పూర్తిగా తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

దీని బదులు ఏది కొనాలి? వోల్టేజీ, నిరోధం, తెగిందో లేదో చూడడమే పనైతే కరెంటు కొలిచే కన్నమే లేని మీటరు కొనండి. ఫ్లూక్ 101 అలాంటిది. రెండే కన్నాలు, క్యాట్ 3 600 వోల్టులు, రెండు సన్న పెన్సిల్ సెల్లులు, ఏసీ తప్పు 1 శాతం చుట్టూ. లీడు తప్పు కన్నంలో పెట్టే అవకాశమే లేదు. పసుపు మీటరుకి పదిహేను ఇరవై రెట్ల ధర, నిజమే. డిస్‌ప్లేకి లైటు లేదు, చీకటి షెడ్డులో ఇబ్బందే. దీని నిరోధం కోటి ఓములు కావడంతో, పక్క వైరు నుంచి అంటిన దొంగ వోల్టేజీ యాభై, ఎనభై చూపించి కంగారు పెడుతుంది. ఆ వైరుకి ఒక బల్బు తగిలిస్తే అది మాయమవుతుంది, నిజమైన ఫేజైతే నిలబడుతుంది. ఆంపియర్లు కావాలంటే వైరు చుట్టూ దవడలా పట్టే క్లాంపు మీటరు విడిగా కొనుక్కోండి, వైరు తెంపే పనే ఉండదు.

పాత పసుపు మీటరు పారేయక్కర్లేదు. ఎర్ర లీడు తీసి, 10 ఆంపియర్ల కన్నంలో ఎం-సీల్ ముద్ద కుక్కి ఆరనివ్వండి. పైన మార్కరుతో "బ్యాటరీకి మాత్రమే" అని రాసి ఇన్వర్టరు పక్కన మేకుకి తగిలించండి.